పెన్నమ్మ పుట్టింటికి ప్రయాణం

యాత్ర అనగానే మనవారికి కాశి, రామేశ్వరం, తిరుపతి, శ్రీశైలం జ్ఞాపకం వస్తాయి. దూరం ఎంత ఎక్కువైతే పుణ్యం అంత ఎక్కువని మనలో ఒక నమ్మకం ఉన్నట్టుంది. ఇంటికి దగ్గరలో ఉన్న కొండమీద ఏమున్నదో చూచి రావాలని మాత్రం ఎవరికీ తోచదు. "దగ్గరే గదా, ఎప్పుడైనా పోవచ్చు" అనుకొన్న చోటికి ఏండ్లు గడచినా పోము. మా సంగతీ సరిగ్గా ఇంతే.

మాది మంచేనహళ్ళి. గౌరీబిదనూరు నుంచి చిక్కబళ్ళాపురం పోయే దారిలో ఉంటుంది. ఒకప్పుడు కోలారు జిల్లాలో ఉండేది. 2007లో చిక్కబళ్ళాపురం వేరు జిల్లా అయినప్పటినుంచి అందులో చేరింది. మా తాతగారు కడప సీమనుంచి వచ్చి ఇక్కడ చిల్లర అంగడి పెట్టుకొన్నారు. బజారులో కన్నడం, ఇంట్లో తెలుగు, అప్పుల లెక్క చెప్పేటప్పుడు రెండూ కలిసిన భాష. బాగేపల్లి, చింతామణి, గుడిబండ వైపు ఉన్న మనవారందరికీ ఇది అలవాటే గనుక వేరే చెప్పనక్కరలేదు.

మా ఇంట్లో అందరికంటె పెద్దది అవ్వ. మాకు ఆమె తల్లి. కాని పిల్లలతో పాటు మేమూ "అవ్వా" అనే పిలవడం అలవాటైపోయింది. ఎనభై నాలుగేండ్లు నిండాయి. ప్రొద్దుటూరు దగ్గర పెన్న ఒడ్డు పల్లె ఆమె పుట్టిల్లు. పెండ్లయి మంచేనహళ్ళి వచ్చి అరవై ఏండ్లు దాటింది.

ఒకనాటి సాయంకాలం మా చిన్నపిల్ల భూగోళ పాఠం గట్టిగా చదువుతున్నది. పెన్నానది కర్ణాటకలోని నంది కొండలలో పుట్టి, ఆంధ్రదేశంలో ప్రవహించి, నెల్లూరు దాటి బంగాళాఖాతంలో కలుస్తుందని పాఠం. అవ్వ చిక్కుడుకాయలు తుంచుతూ వింటున్నది. చేతిలోని కాయ అట్లాగే పట్టుకొని, "ఏ నంది? మన నందేనా?" అని అడిగింది.

"మన నందే అవ్వా."

"పెన్న ఈడ పుట్టిందా? అరవై ఏండ్లనుంచి ఈడనే ఉండాను, నాకు ఒక్కరూ చెప్పలేదే!"

చెప్పకపోవడానికి కారణం లేకపోలేదు. ఇక్కడివారు ఈ నదిని పెన్న అనరు, ఉత్తర పినాకిని అంటారు. పేరు మారితే మనిషినే పోల్చుకోలేము. నదిని ఎట్లా పోల్చుకొంటాము? తాను నీళ్ళు మోసిన నదీ, గౌరీబిదనూరుకు పోయినప్పుడల్లా వంతెనమీద దాటిన నదీ ఒకటేనని అవ్వకు ఆనాడు తెలిసింది. ఆ రాత్రి భోజనాల దగ్గర, "నాయనా, పెన్నమ్మ పుట్టిల్లు నాకు ఒకసారి చూపించండి. ఇంకేమీ అడగను" అన్నది.

మా ప్రయాణానికి అంకురార్పణ ఇట్లా జరిగింది.

మరునాడు ఇంట్లో సభ జరిగింది. మా అన్నగారు అన్నిటికీ ముందు కీడు ఎంచే మనిషి. "అక్కడ ఏమున్నదని తీసుకుపోతారు? నది గౌరీబిదనూరు దగ్గరే ఇసుకమేటగా ఉంది. పుట్టిన చోట గంగాళంలో కాగినట్టు నీళ్ళు పొంగుతుంటాయా? ఈ వయసులో ఎండిన రాళ్ళు చూపించి ఆమె మనసు నొప్పించడం ఎందుకు?" అన్నారు. "మోకాళ్ళ నొప్పులతో కొండ ఎట్లా ఎక్కుతుంది?" అని వదినగారు. "కొండపైకి తారురోడ్డు ఉంది గదా!" అని పిల్లలు. చివరకు ఒక తీర్మానానికి వచ్చాము. మేము ఇద్దరమూ ముందుగా పోయి, దారి ఎట్లా ఉన్నది, నీళ్ళున్నవా లేవా చూచి రావాలి. బాగుంటే అవ్వను తీసుకొనిపోవడం, లేకుంటే ఏదో సాకు చెప్పి తప్పించడం. సాకు చెప్పే పని కూడా మా మీదే పెట్టారు.

బయలుదేరే ముందు ఈ కొండల సంగతి కొంత తెలుసుకొన్నాము. పాఠకులకు కూడా పనికివస్తుందని ఇక్కడ మనవి చేస్తున్నాము.

నంది అనేది ఒక్క కొండ కాదు. నందిగిరి, బ్రహ్మగిరి, చెన్నగిరి, స్కందగిరి మొదలైన కొండల వరుస. పంచగిరులని పేరు. నందిగిరి శిఖరం సముద్రమట్టానికి సుమారు 1,478 మీటర్ల ఎత్తు. ఈ వరుస ఇంటి దూలంవంటిది. దూలానికి ఇటు పడిన చినుకు ఇటు, అటు పడిన చినుకు అటు జారుతుంది. చెన్నకేశవ కొండలో పుట్టిన ఉత్తర పినాకిని ఉత్తరానికి నడచి మన పెన్న అయింది. దక్షిణ పినాకిని హోసకోట, హోసూరు మీదుగా తమిళదేశం పోయి కడలూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. అర్కావతి ఇక్కడ పుట్టి కావేరిని చేరుకొంటుంది. చిత్రావతి, పాపాఘ్ని కూడా ఈ సీమ బిడ్డలే. చిత్రావతి బాగేపల్లి మీదుగా, పుట్టపర్తి మీదుగా పోయి పెన్నలో కలుస్తుంది. పాపాఘ్ని కమలాపురం దగ్గర కలుస్తుంది. అక్కచెల్లెళ్ళు వేరు వేరు దారులు పట్టి, కడప సీమలో మళ్ళీ ఒక ఇల్లు చేరుకొన్నట్టు.

పెన్న పొడవు 597 కిలోమీటర్లు. గౌరీబిదనూరు దాటగానే విదురాశ్వత్థం. 1938 ఏప్రిల్ 25న అక్కడ జెండా సత్యాగ్రహానికి చేరిన జనంమీద పోలీసులు కాల్పులు జరిపితే ఎందరో ప్రాణాలు విడిచారు. ఆ చోటు ఈ నది ఒడ్డునే. అక్కడినుంచి హిందూపురం సీమ, తాడిపత్రి, గండికోట లోయ, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, సిద్ధవటం, సోమశిల, నెల్లూరు. అవ్వ పుట్టిల్లూ మెట్టినిల్లూ ఒకే నది పరీవాహకంలో, ఒకటి పైన, ఒకటి కింద.

శివరాత్రి రథోత్సవం ముగిసిన తరువాత, మార్చి మొదటి వారంలో, ఒక బుధవారంనాడు తెల్లవారుజామున బస్సు ఎక్కాము. శని ఆదివారాలలో బెంగళూరునుంచి వచ్చే జనంతో కొండదారి కిక్కిరిసి ఉంటుందని విని, పని దినం ఎంచుకొన్నాము. చిక్కబళ్ళాపురంలో దిగి, వేడి ఇడ్లీలు తిని, అక్కడినుంచి నంది గ్రామం చేరాము.

కొండ కిందనే భోగనందీశ్వరుని ఆలయం. తొమ్మిదవ శతాబ్దంనాటికే ఉన్న గుడి అది. నొళంబులు, బాణులు, చోళులు, హొయసలులు, విజయనగర రాజులు ఒకరి తరువాత ఒకరు దానిని పెంచుతూ వచ్చారు. గుడి ఆవరణలో నాలుగు వైపులా మెట్లతో కట్టిన అందమైన కోనేరు ఉంది. శృంగితీర్థమంటారు. నందీశ్వరుడు కొమ్ముతో నేలను గ్రుచ్చి గంగను పైకి తెచ్చాడనీ, దక్షిణ పినాకిని ఇక్కడే పుట్టిందనీ స్థలపురాణం. ఆ మెట్లమీద కొంతసేపు కూర్చున్నాము. చల్లగా ఉన్నది. అవ్వకు ఇక్కడ కష్టమేమీ ఉండదని మొదటి లెక్క వేసుకొన్నాము.

అక్కడినుంచి సుల్తాన్‌పేట. కొండమీదికి పాత మెట్లదారి అక్కడే మొదలవుతుంది. తారురోడ్డు రాకముందు అందరూ ఎక్కిన దారి ఇదే. రాతిమెట్లు వెయ్యికి పైగా ఉంటాయి. మొదట్లో లెక్కపెట్టాము, రెండు వందల తరువాత ఊపిరి లెక్కపెట్టుకోవడమే సరిపోయింది. ఇరువైపులా పొదలు, పక్షుల అరుపులు, పాత కోటగోడల ఆనవాళ్ళు. 1791 అక్టోబరులో కారన్‌వాలిసు సైన్యం టిప్పు సుల్తానునుంచి ఈ కోటను పట్టుకొన్నది. తుపాకులు మోసుకొని ఈ వాలు ఎట్లా ఎక్కారో గాని, మజ్జిగ సీసా ఒకటి మోయడానికే మేము వంతులు వేసుకొన్నాము.

దారిలో మేము వెదకినది నీటిజాడ. రెండు మూడు చోట్ల బండమీద నల్లని చారలు కనుపించాయి. వానకాలంలో నీరు జారిన గుర్తులు. ఒకచోట నెర్రెలో చేయిపెడితే చల్లగా తడి తగిలింది. అంతే. చేతికి తడి అంటింది గాని దోసిలికి నీరు రాలేదు.

పైకి చేరేసరికి పదిగంటలు. చల్లని గాలి. పెద్ద చెట్ల నీడ. యోగనందీశ్వరుని గుడి, నెల్లికాయి బసవణ్ణ చూచుకొని, అమృత సరోవరం దగ్గరికి పోయాము. కొండమీది ఊటలతో నిండే పెద్ద గుండం అది, నలుదిక్కులా రాతిమెట్లు. గాంధీ మహాత్ముడు ఆరోగ్యం కోలుకోవడానికి 1927లోను, 1936లోను ఈ కొండమీద బసచేశారు. ఆనాడు కొండమీదివారికి ఆధారం ఇటువంటి ఊట నీళ్ళే. మేము చూచినప్పుడు నీళ్ళున్నాయి గాని చాలా మెట్లు బయటపడి ఉన్నాయి. నీరు పచ్చగా, కదలకుండా ఉన్నది.

తరువాత గట్టుమీద నిలబడి చెన్నకేశవ కొండవైపు చూచాము. పొడిగా, బూడిదరంగులో, ఎండలో పడుకొన్న ఎద్దులాగా ఉన్నదా కొండ. కింద సెలయేటి గీత ఎక్కడైనా మెరుస్తుందేమోనని చాలాసేపు చూచాము. గ్రామాలు కనుపించాయి, ద్రాక్షతోటలు కనుపించాయి, కోళ్ళఫారాల రేకులు మెరిశాయి. నది మెరవలేదు.

అన్నగారు చెప్పినదే నిజమైంది గదా అని మనసు చిన్నబుచ్చుకొన్నాము. తెచ్చుకొన్న చిత్రాన్నం పొట్లం విప్పాము. ఒక కోతి వచ్చి సగం తన వంతు తీసుకొన్నది.

దిగి వచ్చేటప్పుడు ముద్దేనహళ్ళికి పోయాము. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి జన్మస్థలం. ఆయన పూర్వులది మన తెలుగునాటి మోక్షగుండం. 1908 మూసీ వరద తరువాత హైదరాబాదు నగరానికి రక్షణ పథకం వేసినవారాయన. 1955లో భారతరత్న, 1962లో నిర్యాణం. ఆయన సమాధి ఈ ఊరిలోనే, ఈ కొండల నీడలో ఉన్నది. నీటి లెక్కలు అంతగా తెలిసిన మనిషి పుట్టిన ఊరిలో నిలబడి మేమూ మాకు తెలిసిన పామర లెక్క ఒకటి వేసుకొన్నాము. ఊట ఎందుకు ఎండుతుంది?

ఊట అంటే నేలలోనుంచి ఉత్తిపుణ్యానికి వచ్చే నీరు కాదు. పైన కురిసిన వానే. కొండమీద చెట్లు, ఆకులు రాలిన మెత్తని మన్ను చినుకును పట్టి ఆపుతాయి. ఆగిన నీరు రాతి నెర్రెలలోకి మెల్లగా దిగుతుంది. గట్టి రాయి అడ్డం వచ్చినచోట పక్కకు తిరిగి, వాలు తెగినచోట బయటపడుతుంది. దానినే మనం ఊట అంటాము. ఈ సీమలో ఏడాదికి పడే వాన సుమారు 700 మిల్లీమీటర్లు. అందులో ఎక్కువ భాగం ఆగస్టునుంచి అక్టోబరు లోపల పడుతుంది. ఆ మూడు నెలల ఆదాయాన్ని పన్నెండు నెలలు పొదుపుగా ఖర్చుపెట్టే గృహిణి కొండ. కింద మనం బోరు వేసి, ఆమె పెట్టె అడుగునుంచి తీస్తూ ఉంటే, పైన ఆమె ఎంత పొదుపు చేసినా ఏమి లాభం?

ఈ జిల్లాలో వెయ్యి అడుగులు దాటిన బోర్లు మాకు తెలిసినవే ఎన్నో ఉన్నాయి. అంత లోతునుంచి వచ్చే నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువగా ఉండి, పండ్లు పచ్చబడడం, ఎముకలు బిగుసుకుపోవడం చూస్తూనే ఉన్నాము. మా పొలంలో కూడా మూడు బోర్లు వేశాము, రెండు ఎండాయి. కనుక తప్పు ఎవరిదని వేలు చూపితే అది మావైపూ తిరుగుతుంది.

ఇంకొక చిత్రం. మన దేశంలో నీలగిరి చెట్టును మొదట నాటినది 1790 ప్రాంతంలో ఈ నంది కొండమీది టిప్పు తోటలోనే అంటారు. ఆ చెట్టు తరువాత ఈ జిల్లాల మెట్టపొలాలన్నిటా పరచుకొన్నది. నేలలోని తేమను పీల్చివేస్తున్నదని గగ్గోలు పుట్టి, కొత్తగా నాటరాదని కర్ణాటక ప్రభుత్వం 2017లో నిషేధించింది.

పైవారికీ కిందివారికీ నీటి తగవు కూడా కొత్తది కాదు. 1892లోనే మైసూరు, మద్రాసు ప్రభుత్వాలు ఒడంబడిక వ్రాసుకొన్నాయి. పైనున్న మైసూరువారు పెన్న, చిత్రావతి, పాపాఘ్నివంటి నదులమీద కొత్త కట్టడాలు కట్టాలంటే కిందనున్న మద్రాసువారి సమ్మతి తీసుకోవాలని దాని సారాంశం. ఇప్పుడు తగవుపడడానికైనా నీళ్ళుండాలి గదా! బెంగళూరు మురుగునీటిని శుద్ధిచేసి 2018లో కోలారు చెరువులకు, తరువాత మా జిల్లా చెరువులకు పంపడం మొదలుపెట్టారు. పడమటి కనుమలనుంచి నీరు తెచ్చే ఎత్తినహొళె పథకం మొదటి దశ 2024లో ప్రారంభమైంది. నదులకు జన్మనిచ్చిన కొండ కింద చెరువులు నింపడానికి పట్నం మురుగునీరు ఎదురు రావలసివచ్చింది. ఆ నీరు వచ్చి కొన్ని బావులలో మట్టం పెరిగిన మాటా నిజమే, కాదనరాదు.

అట్లాగని కొండకు శక్తి చచ్చిపోయిందని అనుకోరాదు. 2021 ఆగస్టులో ఒక్క రాత్రి వానకు బ్రహ్మగిరి వైపు కొండచరియ విరిగి, నందికి పోయే రోడ్డు తెగిపోయింది. ఆ సంవత్సరం నవంబరులో కింద పెన్నకూ చెయ్యేరుకూ వచ్చిన వరద కడప, నెల్లూరు జిల్లాలవారు మరచిపోలేరు. చెయ్యేరుమీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్ళు కొట్టుకుపోయాయి. నీరు రావడం లేదన్నది కొంతవరకే నిజం. వచ్చినదాన్ని ఆపి దాచుకొనే ఒడి చిరిగిపోయిందన్నది అంతకంటె నిజం.

ఇట్లా ఆలోచించుకొంటూ సాయంకాలానికి ఇల్లు చేరాము. సాకు ఏమి చెప్పాలా అని బస్సులోనే కూడబలుక్కొన్నాము. రోడ్డు మరమ్మతు జరుగుతున్నదని చెప్పుదామనుకొన్నాము. అవ్వ వరండాలోనే కూర్చుని ఉన్నది. చెప్పులు విడవకముందే, "చూసినారా?" అన్నది.

ఎనభై నాలుగేండ్ల మనిషి కళ్ళలోకి చూచి అబద్ధమాడడం మావల్ల కాలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాము. సరోవరంలో నీళ్ళు తగ్గాయి, చెన్నకేశవ కొండ ఎండి ఉంది, నది జాడ కనబడలేదు, రాతి నెర్రెలో తడి మాత్రం తగిలింది అని.

బాధపడుతుందనుకొన్నాము. అవ్వ నవ్వింది.

"ఏం నాయనా, పెన్నలో నీళ్ళు ఎప్పుడు చూసినానని? నా చిన్నప్పుడు పెన్న అంటే ఇసకే. ఏడాదిలో నాలుగు దినాలు ఏరు వస్తే ఊరంతా గట్టుకు పోయి చూసేవాళ్ళం. మిగతా దినాలన్నీ చెలమలే గదా."

చెలమ అంటే ఏమిటని చిన్నపిల్ల అడిగింది. పట్టణాల్లో పెరిగిన పిల్లలకు ఈ మాట తెలియకపోవచ్చు. ఎండిన ఏటి ఇసుకలో చేత్తో గుంట తీస్తే కొంచెంసేపటికి నీరు ఊరుతుంది. మొదట మడ్డిగా ఉంటుంది. ఆ నీరు తోడి పారబోసి, తేటనీరు ఊరేదాకా కూర్చోవాలి. తరువాత కొబ్బరిచిప్పతో మెల్లగా తోడి బిందె నింపుకోవాలి. తొందరపడి చిప్ప అడుగుకు తగిలిస్తే మళ్ళీ మడ్డి లేస్తుంది. ఒక బిందెకు ఒక గడియ పట్టేదట. వంతు దాటి తోడితే తక్కిన ఆడవాళ్ళు ఊరుకొనేవారు కారట. సాయంకాలం చెలమ పూడకుండా చుట్టూ కంప వేసి వచ్చేవారట.

"నీళ్ళు పైన కనపడకపోతే లేనట్టేనా?" అన్నది అవ్వ. "తడి తగిలిందన్నావే, అది చాలు. ఆ తడి చూడను పోదాం."

మా అన్నగారు ఎన్నడూ లేనిది మాట్లాడకుండా లేచి లోపలికి పోయారు. కాసేపటికి తిరిగి వచ్చి, "చెలమలు ఇప్పుడున్నాయా అవ్వా అక్కడ?" అని అడిగారు. నాలుగేండ్ల కింద తమ్ముని కొడుకు పెండ్లికి పోయినప్పుడు చూచిందట. ఇసుక చాలా తరలిపోయి, కింద గట్టినేల తేలి ఉన్నదట. "ఇసక లేంది చెలమ యాడుంటుంది?" అన్నది. నవ్వు ఆగిపోయింది. ఆమెను నొప్పించేది ఎండిన కొండ కాదని అప్పుడు తెలిసింది. మేము ఏది దాచాలనుకొన్నామో అది ఆమెకు చిన్నప్పటినుంచి తెలిసినదే. ఆమెకు తెలిసిన దుఃఖం మాకే తెలియదు.

సరే, ప్రయాణం ఖాయమైంది. మంచి కాలం ఏదని ఆలోచించాము. వేసవిలో పిల్లలకు సెలవులున్నా ఎండ, నీటి ఎద్దడి. శ్రావణ భాద్రపదాలలో వాన, మంచు. మెట్లు పాచిపట్టి జారుతాయి. ఆశ్వయుజం దాటి వానలు వెనకబట్టిన తరువాత కార్తికంలో రాతి నెర్రెలు నిండుగా ఉంటాయి, సరోవరం నిండుతుంది, ఎండ మెత్తన. కనుక కార్తికమాసంలో ఒక పని దినం నిర్ణయించుకొన్నాము. అంతకు నాలుగు రోజుల ముందు పెద్ద వాన పడితే వారం వాయిదా వేయాలని అన్నగారు షరతు పెట్టారు. కొండచరియ సంగతి మరచిపోలేదు గనుక ఒప్పుకొన్నాము.

మావంటి కుటుంబాలు పోదలచుకొంటే ఉపయోగపడుతుందని మా ఏర్పాటు చెబుతాము.

ఉదయం ఆరు గంటలకు ఇల్లు వదలడం. ముందుగా భోగనంది, శృంగితీర్థం మెట్లమీద ఫలహారం చేయక, గుడి బయట చెట్ల కింద చేయడం. అక్కడ రెండు జట్లుగా విడిపోవాలి. మోకాళ్ళు బాగున్నవారు సుల్తాన్‌పేట మెట్లదారిని నడచి పైకి. అవ్వ, వదినగారు, చంటిపిల్లలు రోడ్డు దారిని వాహనంలో పైకి. అమృత సరోవరం దగ్గర అందరూ కలుసుకోవాలి. నడిచేవారికి గంటన్నరకు తక్కువ పట్టదు. ఆగుతూ ఎక్కడమే మంచిది. కాళ్ళకు పట్టు ఉన్న చెప్పులు, మనిషికి ఒక చెంబెడు నీళ్ళు, పెద్దలకు ఊతకర్ర. కోతులున్నవి గనుక తినే వస్తువులు చేతిలో పట్టుకొని నడవరాదు. పొట్లాలకు విస్తరాకులు, అరటాకులే; ప్లాస్టికు సంచి ఒక్కటి కూడా తీసుకొనిపోరాదు. చెన్నకేశవ కొండ, స్కందగిరి అడవిశాఖవారి ఏలుబడిలో ఉన్నవి. అక్కడ ఇష్టం వచ్చినట్టు ఎక్కరాదు. అనుమతి ఉంటేనే పోవాలి. అందుకే మేము చెన్నకేశవ కొండను నందిగిరినుంచే చూచి నమస్కరిస్తాము. పుట్టింటి గుమ్మంలోనుంచి చూచినా చూచినట్టే అని అవ్వ ఒప్పుకొన్నది. సాయంకాలం చీకటి పడకముందే దిగి, ముద్దేనహళ్ళి చూచుకొని ఇల్లు చేరడం.

పిల్లలు సరోవరంనుంచి సీసాలో నీళ్ళు తెచ్చుకొంటామన్నారు. అవ్వ వద్దన్నది. "ఆ నీళ్ళు ఆడనే ఉండనీ. తేవను పోతామా, చూడను పోతామా?" అన్నది. దానికి బదులు ఒక పని అప్పగించింది. మా ఎండిన రెండు బోర్లలో ఒకదాని చుట్టూ గుంట తీసి, రాళ్ళూ ఇసుకా నింపి, ఇంటి కప్పుమీది వాననీరు దానిలోకి పోయేటట్టు చేయాలట. కార్తికానికి ముందే చేయాలట. "పుట్టింటికి పొయ్యేటప్పుడు ఒట్టి చేతులతో పోతారా?" అని అడిగింది. గుంట తీయడానికి మనిషిని మాట్లాడాము. జల్లెడపట్టిన ఇసుక మాత్రం కొనవలసివచ్చింది. ఇసుక ధర విని అవ్వ బుగ్గన వేలు వేసుకొన్నది.

ఈ సంగతి విని మా వీధిలో ఇంకా రెండు కుటుంబాలవారు వస్తామన్నారు. ఒకరి పూర్వులు తాడిపత్రినుంచి వచ్చినవారు, మరొకరు నెల్లూరువారు. ముగ్గురమూ ఒకే నది నీళ్ళు తాగినవారమని మొన్నటిదాకా ఎవరమూ అనుకోలేదు. ఇరవై ఇద్దరం అయ్యాము. చిన్న బస్సు మాట్లాడుకోవాలి. పులిహోర ఎవరు చేయాలన్నది మాత్రం ఇంకా తేలలేదు. నెల్లూరువారు తామే చేస్తామంటున్నారు; మా వదినగారు ఒప్పుకోవడం లేదు.